పాత కంప్యూటరు తెర స్థిరత్వ పరీక్ష: కోయ మౌఖిక సాహిత్య లిఖితీకరణలో దాని ఆవశ్యకత

సారాంశం:
తక్కువ ర్యామ్ గల పాత కంప్యూటరులో తెలుగు లిపి చెదిరి కనిపించినప్పుడు దోషం తెరదో, పాఠానిదో తేల్చుకోవలసి ఉంటుంది. అందుకు తోడ్పడే భార పరీక్షను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కోయ భాష, యూనికోడ్, ర్యామ్, భార పరీక్ష, పాఠశుద్ధి.

1. ఉపోద్ఘాతం:
ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని కోయ గూడేలలో పాటలు, కథలు ప్రధానంగా మౌఖికంగా నిలిచి ఉన్నాయి. ద్రావిడ భాషా కుటుంబానికి చెందిన కోయను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నారు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో ఈ భాషాక్షేత్రం పాలనాపరంగా మరింత విభజితమైంది. సరిహద్దుకు ఇరువైపులా సేకరించిన పాఠాలను పోల్చేటప్పుడు ఒక్క ఒత్తు తప్పినా నిర్ణయం తప్పుతుంది. 1 లేదా 2 జీబీ ర్యామ్ గల యంత్రంతో పనిచేసే పరిశోధకునికి అందువల్ల తెర స్థిరత్వం పాఠశుద్ధికి సంబంధించిన ప్రశ్న అవుతుంది.

2. తెర చెదరడానికి కారణాలు:
'స్త్రీ' అనే అక్షరం ఫైలులో 6 సంకేతాలుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 18 బైట్లు. హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేర్ ఫాంటు నియమాల ప్రకారం వాటిని కూర్చి ఒకే అక్షరంగా చూపుతుంది. ఫైలులో నిలిచేది సంకేతక్రమం. కనిపించేది దాని రూపం మాత్రమే.

1024×768 బిందువుల తెరకు, బిందువుకు 4 బైట్ల చొప్పున, ఒక పూర్తి చిత్రానికి 3 ఎంబీ చాలు. అయితే ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రంలో ఈ స్థలం ర్యామ్ నుండే వస్తుంది. తెరచిన ప్రతి కిటికీ, బొమ్మ, శబ్దఫైలు కూడా అందులోనే వాటా అడుగుతాయి. ర్యామ్ నిండితే యంత్రం డిస్కులోని స్వాప్‌ను ఆశ్రయిస్తుంది. తెర నత్తనడక నడుస్తుంది, ఒక్కోసారి స్తంభిస్తుంది.

3. పరీక్షా విధానం:
అ) ముందుగా ఫైళ్ల నకళ్లను వేరే చోట భద్రపరచాలి. ఒక నమూనా ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 విలువను లెక్కించి రాసుకోవాలి.
ఆ) మెమ్‌టెస్ట్86+తో ర్యామ్‌ను పరీక్షించాలి. లోపమున్న ర్యామ్ వేరు, చాలని ర్యామ్ వేరు.
ఇ) నమూనా ఫైలును తెరచి, శబ్దఫైలు, బ్రౌజరు, గ్లెక్స్‌గేర్స్ వంటి చిత్రచలన ప్రోగ్రామును ఒకదాని తరువాత ఒకటి చేర్చాలి. ప్రతి దశలో ర్యామ్, స్వాప్ వాడకాన్ని నమోదు చేయాలి.
ఈ) అదే భారంతో కిటికీలు మార్చుతూ, పుటలు జరుపుతూ, యంత్రాన్ని నిద్రపుచ్చి లేపుతూ గమనించాలి.
ఉ) చివరకు నమూనా ఫైలును సేవ్ చేయకుండా మూసి, విలువను మళ్లీ లెక్కించాలి.

4. ఫలితాల అన్వయం:
స్వాప్ పెరిగినప్పుడే తెర ఆగితే కారణం ర్యామ్ కొరత కావచ్చు. ర్యామ్ ఖాళీగా ఉన్నప్పుడే గీతలు, చెదరిన ముక్కలు కనిపిస్తే డ్రైవరును, యంత్రభాగాలను అనుమానించాలి. అక్షరాల స్థానంలో ఖాళీ పెట్టెలు వస్తే సాధారణంగా ఫాంటు లోపం. గుణింతపు గుర్తు చుక్కల వలయంపై నిలిస్తే సంకేతక్రమాన్ని పరిశీలించాలి. అది పాఠదోషం కావచ్చు. రెండు విలువలూ ఒకటే అయితే ఫైలు మారలేదు, చెదిరింది రూపమే.

5. ఉపసంహారం:
తాళపత్ర పరిష్కర్త పురుగు తొలిచిన చోటును, లేఖకుడు తప్పు రాసిన చోటును వేరుగా గుర్తిస్తాడు. కంప్యూటరుపై పాఠాన్ని సిద్ధపరచేవారికీ ఆ వివేకమే అవసరం. తెరదోషాన్ని పాఠదోషంగా భావించి దిద్దితే, సరిగా ఉన్న పాఠమే చెడుతుంది. గాయకుడు లేని నాడు ఆ తప్పును సరిచూసే ఆధారం మిగలకపోవచ్చు. కాబట్టి లిఖితీకరణకు ముందే యంత్రాన్ని పరీక్షించడం, అనుమానం కలిగినప్పుడు దిద్దకుండా మూల ధ్వనిముద్రణతో సరిచూడడం పరిశోధనా పద్ధతిలో భాగం కావాలి.