చర్మం, జుట్టు, గోళ్లు చెప్పే రోగం గుట్టు

ఆసుపత్రిలో నర్సు రోగి చెయ్యి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూస్తే నాడి చూస్తున్నదనే చాలామంది అనుకుంటారు. ఆ రెండు నిమిషాలలో ఆమె అరచేయి రంగు, గోళ్ల తీరు, చర్మం బిగువు కూడా చూస్తుంది. ఖర్చు లేని ఈ పరీక్షకు కావలసింది మంచి వెలుతురు, చూసే కన్ను, తాకే చెయ్యి. పసుపురంగు బల్బు వెలుగులో పచ్చకామెర్లు తెలియవు గనుక పగటి వెలుతురులోనే చూడాలని నర్సులకు నేర్పుతారు.

మన ఒంటిరంగుతో ఒక చిక్కు ఉంది. తెల్లని చర్మంపై కనబడినట్లు నల్లని చర్మంపై మార్పులు కనబడవు. అందుకే రక్తహీనతకు కింది కనురెప్ప లోపలి భాగం, అరచేయి, కామెర్లకు కంటి తెల్లగుడ్డు, ప్రాణవాయువు తగ్గిందేమోనన్న అనుమానానికి పెదవులు, నాలుక చూస్తారు. గర్భిణికి రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. అరచేయి పాలిపోయి, గోళ్లు గుంటపడి చెంచాలా మారితే రక్తపరీక్షకు ఆలస్యం చేయరాదు.

గోరు చెప్పే సంగతులు

గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకు రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. అంతకంటే ఆలస్యమైతే రక్తప్రసరణ మందగించిందని అనుమానిస్తారు. కుడి ఎడమ చూపుడువేళ్ల గోళ్లను వీపులు కలిపినట్లు ఆనించి చూస్తే మధ్యలో చిన్న సందు కనబడాలి. సందు లేకుండా వేలి కొసలు ఉబ్బి ఉంటే ఊపిరితిత్తుల జబ్బో గుండె జబ్బో ఉండవచ్చు. ఆపరేషనుకో కాన్పుకో వెళ్లేవారు గోళ్లరంగు తుడిచి వెళ్లాలి. గోరింటాకు పెట్టుకునేవారు ఒకటి రెండు గోళ్లయినా వదిలేయడం మంచిది.

వాంతులు, విరేచనాలైన పసిబిడ్డకు పొట్టపై చర్మం చిటికెతో పట్టి వదులుతారు. ముడత వెంటనే పోకుంటే ఒంట్లో నీరు తగ్గినట్లే. రెండు సెకన్లు దాటినా నిలిచి ఉంటే ప్రమాదం. ఉప్పు చక్కెర ద్రావణం తాగిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముసలివారికి చేతి చర్మం ఎలాగూ వదులుగా ఉంటుంది గనుక మెడ ఎముక కింద పట్టి చూస్తారు.

పిల్లల జుట్టు ఎర్రబడితే ఎండకు తిరిగినందువల్లనే అని పెద్దలు సరిపెట్టుకుంటారు. జుట్టు ఎర్రబడి, పలచబడి, పట్టుకుంటే ఊడివస్తూ, పాదాలు కూడా వాచి ఉంటే అది మాంసకృత్తుల లోపం కావచ్చు. నొక్కితే పాదంపై గుంట నిలుస్తుంది. అటువంటి బిడ్డ బొద్దుగా ఉన్నట్లు కనబడడమే మోసం.

స్పర్శ లేని మచ్చ

దురద పెట్టదు, నొప్పి పుట్టదు గనుక పాలిపోయిన మచ్చను ఎవరూ పట్టించుకోరు. దానిపై స్పర్శ లేకుంటే కుష్ఠు వ్యాధి అని అనుమానించాలి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పిన నాటికి ఈ వ్యాధిని నయం చేసే నమ్మకమైన మందు లేదు. నేడు మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. వ్యాధి తీరునుబట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. దాచుకుంటే మాత్రం నరాలు చెడి వేళ్లు వంకరపోతాయి. పోయిన స్పర్శను మందులు తిరిగి తేలేకపోవచ్చు.

ఇంట్లో మంచాన పడ్డవారికి

పక్షవాతంతో మంచానపడిన వారిని ఇంటికి తెచ్చాక నర్సు పని ఇంటివారిదే. ఒళ్లు తుడిచే వేళ రోజూ నడుము కింద, పిరుదులు, మడమలు, మోచేతులు, తల వెనుక చూడాలి. ఎర్రబడినచోట నొక్కినా ఎరుపు పోకుంటే పడకపుండు మొదలైనట్లే. నల్లని ఒంటిపై ఎరుపు తెలియదు గనుక చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉంటే అదే గుర్తు. ఆ చోట రుద్దరాదు. రుద్దితే లోపలి కండ దెబ్బతింటుంది. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. తడిసిన పక్కబట్ట వెంటనే మార్చాలి.

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు. రూపాయి బిళ్లంత ఎరుపు నిర్లక్ష్యం చేస్తే ఎముకదాకా పోయే పుండవుతుంది. మచ్చగానీ వాపుగానీ కనబడితే ఆకుపసర్లు పూయక ముందే ఊరి ఏఎన్‌ఎంకో, ఆశా కార్యకర్తకో చూపించడం మేలు.