ఆకాశము నుండి మన పొలము: ఒక శుభాకాంక్షల పత్రమును గూర్చి

సంవత్సరాంతమున మన సంఘ కార్యాలయమునకు వచ్చు టపాలో విత్తనపు కంపెనీల పంచాంగములును, ఎరువుల వర్తకుల గోడపటములును హెచ్చుగా నుండును. ఈ డిసెంబరులో సికింద్రాబాదు నుండి వచ్చిన పత్రమొకటి మాత్రము వాని వంటిది కాదు. దానిపై దేవుని పటము లేదు, పూలగుత్తి లేదు. ఆకుపచ్చ, పసుపు, గోధుమరంగు ముక్కలను అతికినట్లు ఒక చిత్రము మాత్ర మున్నది. బల్లపై నుంచగా, పెద్ద సభ్యులలో నొకరు కన్నులు చిట్లించి చూచి, “ఏమయ్యా, ఇది మా ముసలమ్మ కుట్టిన బొంత లెక్కున్నది” అనిరి. అది మన చెరువు ఆయకట్టే. నిరుడు మాఘమాసమున డ్రోన్‌తో ఛాయాచిత్రములు తీయు ఒక చిన్న కంపెనీవారు మన సంఘము కోరికపై వచ్చి, రెండు పూటలు చెరువు గట్టున నిలిచి పని చేసిన సంగతి సభ్యులకు జ్ఞాపకముండును. వారే పంపిరి.

పత్రము వెనుక వారి సంవత్సర వార్తలు వ్రాసియున్నవి. వారు నలుగురు మాత్రమే. జ్యేష్ఠము మొదలు ఆశ్వయుజము వరకు మబ్బులకు వెఱచి యంత్రమును పెట్టెలోనే యుంచిరట. కార్తీకము నుండి పని దొరకినది. ఒక రాతిగని, రెండు చెరువులు, ఒక మామిడితోట పైనుండి చిత్రించిరి. మన చెరువు మీదనే ఒక గ్రద్ద వచ్చి తన్నగా యంత్రపు ఱెక్క విరిగినదట. పంట ఆరోగ్యమును చూపు క్రొత్త కెమెరా నొకదానిని కొనిరి. చివర మన రైతులందఱకును సంక్రాంతి శుభాకాంక్షలు తెలిపిరి. మేమును ఈ సంచికద్వారా సభ్యులకు అవే శుభాకాంక్షలు చెప్పి, ఆ దినమున మమ్ము సభ్యు లడిగిన ప్రశ్నలకు సమాధానము వ్రాయుచున్నాము. అడిగినవారిలో ఒకరు అందఱును లేచిపోయిన తరువాత మెల్లగా, “ఈ ఫొటో చూసి భూమి ఎవరిదో చెప్పొచ్చునా?” అనిరి. మిగిలిన వానికంటె ఆ ప్రశ్నయే పెద్దది. దానికి క్రమముగా వచ్చెదము.

ఆకాశము నుండి చిత్రము తీయుట నిన్న మొన్నటి విద్య కాదు. 1858లో నాదారు అను ఫ్రాన్సుదేశపు ఛాయాచిత్రకారుడు పారిసు నగర సమీపమున గాలిగుమ్మటమెక్కి మొదట తీసెను. ఆ చిత్రము నేడు లేదు. 1860లో అమెరికాలోని బోస్టను నగరమును గుమ్మటము నుండి తీసిన చిత్రము నేటికిని నిలిచియున్నది. మొదటి ప్రపంచయుద్ధమున శత్రువుల కందకములను కనుగొనుటకై విమానములందు కెమెరాలు బిగించిరి. యుద్ధము ముగిసిన పిదప అదే పనిని అడవులకును నదులకును మరల్చిరి. 1924లో ఒక కంపెనీవారు బర్మాలోని ఇరావతీ నది డెల్టా అడవులను విమానము నుండి చిత్రించిరి. ఆ దినములలో మన కోస్తా జిల్లాలవారు వేలకొలదిగా రంగూనుకు కూలికై పోవుచుండిరి. వారిలో ఎందఱో ఆ విమానమును తలయెత్తి చూచియుందురు.

సికింద్రాబాదు ఈ విద్యకు క్రొత్త ఊరు కాదు. 1974లో భారత ప్రభుత్వమువారు జాతీయ దూరసంవేదన సంస్థను ఒక రిజిష్టరు సంఘముగా నేర్పఱచినప్పుడు దాని కార్యాలయము సికింద్రాబాదు సర్దారు పటేలు రోడ్డున నుండెను. అదియు మన సంఘమువలె నియమావళి గలిగిన రిజిష్టరు సంఘమే యని మేము చెప్పగా కొందఱు సభ్యులు నవ్విరి. విమానములలో కెమెరాలు పెట్టి పంటలను, నీటిని, అడవులను చిత్రించుట దాని పనులలో నొకటి. 1980లో అది అంతరిక్ష శాఖ క్రిందికి వచ్చినది. 2008లో ఇస్రోలో చేరి జాతీయ దూరసంవేదన కేంద్రమైనది. బాలానగరున దాని కార్యాలయమును, షాద్‌నగరు దగ్గఱ ఉపగ్రహములు పంపు చిత్రములను అందుకొను స్థానమును ఉన్నవి.

ఇక చిత్రము తీయు విధానము. విమానపు కెమెరాలో కటకమునకును ఫిల్ముకును నడుమ దూరము సాధారణముగా 152 మిల్లీమీటర్లు. విమానము నేలకు 1,520 మీటర్ల ఎత్తున ఎగిరినచో, నేల మీది 10,000 మీటర్లు చిత్రములో ఒక మీటరగును. ఫిల్ము వెడల్పు 23 సెంటీమీటర్లు గనుక ఒక్క చిత్రములో 2,300 మీటర్ల చదరము, అనగా సుమారు 1,300 ఎకరములు పట్టును. ఎత్తు తగ్గినకొలది పట్టు నేల తగ్గును, వివరము పెరుగును. నూరు మీటర్ల ఎత్తున నెగురు డ్రోన్ చిత్రములో ఒక్కొక్క చుక్క నేలపై 3 సెంటీమీటర్లకు అటునిటుగా నుండును. గట్టు మీది గడ్డి దుబ్బు సైతము తెలియును. 2005లో మనవారు ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహపు చిత్రములో చుక్క రెండున్నర మీటర్లది. మన పొలపు గట్లు మూరెడు వెడల్పు గలవి. ఉపగ్రహము పంటను చూచును గాని, గట్టును నమ్మకముగా చూడలేదు.

చిత్రములను ఒకదాని ప్రక్క నొకటి తీసిన చాలదు. ప్రతి చిత్రము ముందు చిత్రముతో నూటికి 60 వంతులు కలియునట్లు తీయుదురు. ఒకే చోటును రెండు స్థలముల నుండి చూచినప్పుడే ఎత్తుపల్లములు తెలియును. మనకు రెండు కన్ను లుండుటయు అందుకే. మబ్బు నీడ పడినచో ఆ చోటు పాడగును. అందుచేతనే వానలు వెలిసిన కార్తీకము మొదలు ఎండలు ముదురు వరకు వీరికి సుగ్గికాలము. ఉదయము నీడలు పొడవుగా నుండును గనుక ప్రొద్దు పైకి వచ్చిన తరువాతనే యంత్రమును లేపుదురు.

సభ్యులు మోసపోవుచోటు నొకటి ఇచ్చట చెప్పవలయును. పచ్చి చిత్రముపై కొలబద్ద పెట్టి కొలువరాదు. నూరు మీటర్ల ఎత్తునుండి తీసిన చిత్రములో, నడుమ నుండి 40 మీటర్ల దూరమున 20 మీటర్ల తాడిచెట్టున్నదనుకొనుడు. దాని మొదలు ఉన్నచోటనే కనబడును. తల మాత్రము బయటివైపునకు 10 మీటర్లు వాలి, ప్రక్కవాని మడిలో నున్నట్లు కనబడును. చెట్టు వాలలేదు, కెమెరా దానిని ఏటవాలుగా చూచినది. కొండలును, మేడలును ఇట్లే వాలును. ఈ వాలును గణితముచే సరిదిద్ది తయారుచేసిన పటము వేఱు. కొలతకు అదియే పనికివచ్చును. ఎవరైన చిత్రము తెచ్చి “మీ తాడిచెట్టు మా భూమిలో నున్నది” అన్నచో, అది దిద్దిన పటమా, పచ్చి చిత్రమా యని మొదట అడుగవలయును.

పటము నేలకు సరిగా కుదురుటకై ముందుగా అచ్చటచ్చట సున్నముతో గాని, తెల్లని గుడ్డతో గాని అడ్డగుర్తులు వేసి, ఉపగ్రహ సంకేతములతో పనిచేయు యంత్రముచే ఆ గుర్తుల స్థానమును కొలుతురు. ఆ గుర్తులే పటమునకు మేకులు. నిరుడు చెరువు అలుగు దగ్గఱ పఱచిన గుర్తుగుడ్డను ఎవరో మంచి గుడ్డయని తీసికొనిపోయి వడ్లు ఎండబోసిరి. ఎవరో మాకు తెలియును గాని వ్రాయము.

పంటను గూర్చి చెప్పెదము. పచ్చని ఆకు మన కంటికి కనబడని పరారుణ కిరణములను ఎక్కువగా త్రిప్పికొట్టును. తెగులు తగిలిన ఆకు, నీరందని ఆకు అంతగా త్రిప్పికొట్టలేదు. కంటికి పసుపు తెలియుటకు ముందే ఈ మార్పు చిత్రమునకు ఎక్కుట కద్దు. 1970 ప్రాంతమున పిషారోటి గారను శాస్త్రజ్ఞుని పూనికతో కేరళమున కొబ్బరి వేరుతెగులును హెలికాప్టరు నుండి ఇట్టి ఫిల్ముతో చిత్రించిరి. మన దేశమున ఈ విద్యకు అదియే తొలి ప్రయోగమని చెప్పుదురు. తరువాత 1974-75లో ఇస్రోవారును, భారత వ్యవసాయ పరిశోధన మండలివారును కలిసి అనంతపురము జిల్లాలోను, పంజాబులోని పటియాలా జిల్లాలోను విమానచిత్రములచే ఏ పంట ఎంత విస్తీర్ణమున నున్నదో లెక్కకట్టు ప్రయోగము చేసిరి. కరవునేల యైన అనంతపురము ఇట్టి పనికి ముందుగా ఏర్పడుట మాకు సంతోషకరమైన సంగతి.

అయితే చిత్రము రోగమున్న చోటును చూపును, కారణమును చెప్పదు. మన ఆయకట్టు చిత్రములోనే దీనికి నిదర్శన మున్నది. ఎడమ తూము క్రింది మూడవ పిల్లకాలువ వెంట, కల్వర్టు దాటగానే ఆకుపచ్చ రంగు ఒక్కసారిగా వెలవెలబాఱినది. నిరుడు చిత్రము చూచిన దినముననే చివరి మడుల సభ్యులు, కల్వర్టుకు ఎగువనున్న సభ్యుడు రాత్రులందు నీరు మరల్చుకొనుచున్నాడని నిశ్చయించి, సంఘమునకు అర్జీ వ్రాయబూనిరి. సంతకములు కూడ సగము పడినవి. మేము ఒక్క దినము ఆగుడని వేడుకొని, మఱునాటి ఉదయము అందఱితో కలిసి కాలువ వెంట నడచితిమి. కల్వర్టు గొట్టములో తుంగవేళ్లు అల్లుకొని, వానికి ఒక చిరిగిన ఎరువుల సంచి తట్టుకొని నిండుగా పూడియుండెను. నలుగురు మనుష్యులు రెండు గంటలలో తీసివేసిరి. నేరము మోపబడిన సభ్యుడే గడ్డపార తెచ్చెను. అర్జీ కాగితము మా యొద్దనే యున్నది.

ఇప్పుడు ఆ మెల్లని ప్రశ్నకు వత్తము. భూమి ఎవరిదో చిత్రము చెప్పునా? చెప్పదు. గట్టు ఎచ్చట నున్నదో చెప్పును. ఆ గట్టు ఉండవలసిన చోట నున్నదా, జరిగినదా యను సంగతి చెప్పదు. అది టిప్పనును, హద్దురాళ్లను, దస్తావేజులను, ఇరుగుపొరుగువారి సాక్ష్యమును బట్టి తేలవలసినది. కాని పటము ఒకసారి అచ్చయి సర్కారు ముద్ర పడినచో, తప్పును దిద్దించుట రైతునకు మిక్కిలి ప్రయాసము. కనుకనే యంత్రము లేచుటకు ముందు దినములును, పటము వెలువడిన తరువాతి దినములును రైతు ఏమఱరాని కాలము.

2020 ఏప్రిలు 24న కేంద్ర ప్రభుత్వమువారు స్వామిత్వ పథకమును ప్రారంభించిరి. గ్రామములలోని ఇండ్లస్థలములను డ్రోన్లచే చిత్రించి, స్వంతదారులకు కార్డు లిచ్చుట దీని ఉద్దేశము. యంత్రము వచ్చుటకు ముందు ఎవరి హద్దు వారు సున్నపుగీతతో గుర్తించవలయును. ఆ గీతయే చిత్రమునకు ఎక్కును. బీదరు వైపు ఒక గ్రామమునకు మేము బంధుకార్యమునకై పోయినప్పుడు చూచిన సంగతి ఇది. ఒక వితంతువు కూతురి కాన్పునకై సికింద్రాబాదునకు పోయియుండగా సున్నము వేయుదినము వచ్చినది. ప్రక్కయింటివాడు ఆమె గొడ్లపాకలోనికి మూడు గజములు గీత జరిపెను. పటము సిద్ధమై పంచాయతీ కచేరిలో అందఱును చూచుటకు పెట్టిరి. ఆమె మఱది కొడుకు చూచి కబురు పంపగా గడువు తీరకమునుపే ఆమె వచ్చి, పాత వేపమొద్దును, నీరుపోవు కాలువను చూపెను. ఇద్దఱు పెద్దలు సాక్ష్యము చెప్పిరి. గీత దిద్దబడినది. “అయ్యా, ఆకాశం నుంచి చూసినోళ్లకు నా గొడ్లు కనబడ్డయి గని, నేను కనబడలే” అని ఆమె మాతో ననెను. ఆ కబురు ఒక నెల ఆలస్యమైనచో ఆమె కోర్టు మెట్లు ఎక్కవలసి యుండెడిది.

ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో పొలముల పునఃసర్వే మొదలైనప్పుడును డ్రోన్లను వాడిరి. నూరేండ్లకు పూర్వము గొలుసుతో కొలిచిన భూములను క్రొత్తగా కొలువగా, పాత లెక్కకును క్రొత్త లెక్కకును విస్తీర్ణములో తేడాలు వచ్చినవని అచ్చటి రైతులు పలువురు ఫిర్యాదులు చేసిరి. గొలుసు సాగును, గట్టు జరుగును, లెక్క వ్రాసినవాడు పొరబడును. తేడా వచ్చుట వింత కాదు. తేడా వచ్చినదని ఆ దినముననే తెలిసికొనక, బిడ్డ పెండ్లికి పొలము అమ్మబోవునప్పుడు తెలిసికొనుట కష్టము. కావున సర్వే నోటీసు వచ్చినచో, పొరుగు రైతునుగూడ వెంటబెట్టుకొని పోయి హద్దురాళ్లచుట్టు పొదలు నఱికి, రాళ్లకు సున్నము పూయుడు. పొదక్రింది రాయి ఆకాశమునకు కనబడదు. ఊరిలో లేనివారి హద్దులను చూచుటకు సంఘమువారే ఒకరిని నియమించిన బాగుండునని మా అభిప్రాయము. రాబోవు సమావేశమున ఈ విషయమును పెట్టెదము.

మన యువకులలో కొందఱు డ్రోన్ కొనవలెనని యున్నారు. 2021 ఆగస్టు 25 నాటి నిబంధనల ప్రకారము ఆకాశము ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజింపబడినది. ఆకుపచ్చ మండలమున సైతము 400 అడుగులకు మించి లేపరాదు. సికింద్రాబాదు పరిసరములలో బేగంపేట, హకీంపేట విమానస్థలములును, సైనిక స్థలములును ఉన్నవి గనుక, పటములో మండలమును చూడక, అనుమతి లేక ఎగురవేయుట చెఱసాలతో చెలగాటము. చిత్రము కావలసినచో లైసెన్సు గలవారిని సంఘము తరపున పిలిపించుటయే చవుక. ఒక మడికైనను ఆయకట్టు కంతకైనను వారు రావలసినది ఒక్కసారియే గదా.

కంపెనీవారికి సభ్యులు ప్రత్యుత్తరము వ్రాయించిరి. మూడవ కాలువ పారుచున్నదనియు, ఈ మాఘమున మఱల వచ్చి తీయవలసినదనియు అందులో నున్నది. మీ యంత్రమును తన్నిన గ్రద్ద గూడు కుడి తూము దగ్గఱి మఱ్ఱిచెట్టు మీద నున్నది, మాఘమునకు గ్రుడ్లు పెట్టును, కావున ఈ సారి ఎడమ గట్టు నుండి లేపుడని బొంత పోలిక చెప్పిన పెద్దలే చివర వ్రాయించిరి.