మూడు కాళ్ళకు ఎంత చోటు?

కెమెరాకు ట్రైపాడ్‌తో పని పడేది పొద్దుగూకాక. థీమ్ పార్కులో జనం ఒక్కచోట గుమిగూడేదీ ఆ వేళకే. అమెరికాలో ఓర్లాండో దగ్గరి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో రాత్రి బాణసంచా మొదలయ్యే ముందు సిండ్రెల్లా కోట ఎదుట ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, స్ట్రోలర్లు, చక్రాల కుర్చీలు, ఫోన్లు పట్టుకుని పైకి లేచిన చేతులు. ఆ సందులో ఎవరైనా మూడు కాళ్ళ స్టాండు విప్పి నిలబెడితే వారికి ఫొటో బాగా రావచ్చు గానీ, పక్కవారికి కాలు మోపే చోటు పోతుంది. పార్కులు ట్రైపాడ్ల మీద పెట్టిన ఆంక్షల్లో ఎక్కువ భాగం ఈ ఇరుకులోంచి పుట్టినవే.

కదలకుండా నాలుగు సెకన్లు

ట్రైపాడ్ కెమెరాకు వేసే ముక్కాలి పీట లాంటిది. నాలుగు కాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది, ముక్కాలి పీట ఊగదు. మూడు కాళ్ళూ ఎప్పుడూ ఒకేసారి నేలను తాకి నిలుస్తాయి కాబట్టి రాళ్ళు పరిచిన వీధిలోనైనా, వాలుగా ఉన్న దారిలోనైనా కెమెరా కదలకుండా ఉంటుంది.

పగటి ఎండలో షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే చాలు. అంత కొద్దిసేపట్లో చేతి వణుకు ఫొటోకెక్కదు. వెలుతురు తగ్గేకొద్దీ షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అప్పుడు వణుకు బయటపడుతుంది. చేత్తో పట్టుకుని తీసేవారికి ఫొటోగ్రాఫర్లు చెప్పే పాత లెక్క ఒకటుంది: లెన్స్ 50 మిల్లీమీటర్లదైతే షట్టర్ వేగం సెకనులో 50వ వంతుకు, 200 మిల్లీమీటర్లదైతే 200వ వంతుకు తగ్గకూడదు.

బాణసంచాకు ఈ లెక్క చాలదు. తారాజువ్వ పైకి లేచి, విచ్చుకుని, రవ్వలు రాలిపోయేదాకా కొన్ని సెకన్లు పడుతుంది. ఆ రవ్వల దారి మొత్తం గీతలుగా పడితేనే ఫొటోలో పువ్వు కనిపిస్తుంది. అందుకని సెన్సర్ సున్నితత్వాన్ని తెలిపే ఐఎస్ఓను 100 దగ్గర, కాంతిని లోపలికి వదిలే రంధ్రమైన అపెర్చర్‌ను ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచి, షట్టర్‌ను రెండు మొదలు ఎనిమిది సెకన్ల దాకా తెరిచి ఉంచుతారు. రవ్వ పరుగెత్తుతూ ఉంటుంది కాబట్టి దాని కాంతి సెన్సర్ మీద ఏ ఒక్క చోటా నిలవదు. అందువల్ల గీత ఎంత కాంతిగా పడాలన్నది అపెర్చర్ తేలుస్తుంది. గీత ఎంత పొడవుండాలి, ఒకే ఫొటోలో ఎన్ని పువ్వులు పూయాలి అన్నది షట్టర్ తెరిచి ఉంచిన సమయం తేలుస్తుంది. కింద ఉన్న కోట సంగతి వేరు. అది కదలదు కాబట్టి తెరిచినంతసేపూ దాని వెలుగు పోగవుతూనే ఉంటుంది. ఎక్కువసేపు ఉంచితే కోట తెల్లగా పాలిపోతుంది. అనుభవజ్ఞులు జువ్వకూ జువ్వకూ మధ్య ఒక నల్ల అట్టముక్కను లెన్స్‌కు అడ్డుపెట్టి తీస్తుంటారు. అలా చేస్తే షట్టర్ మూయకుండానే నాలుగైదు పువ్వులు ఒకే ఫొటోలోకి వస్తాయి, కోట వెలుగూ అదుపులో ఉంటుంది.

ఐఎస్ఓ పెంచి చేత్తోనే తీయవచ్చు కదా అనిపిస్తుంది. నాలుగు సెకన్ల పని సెకనులో 50వ వంతులో జరగాలంటే సున్నితత్వాన్ని 200 రెట్లు, అంటే ఐఎస్ఓ 100 నుంచి 20,000 దాకా పెంచాలి. ఇప్పటి కెమెరాల్లో అది సాధ్యమే. కోట వరకు ఫొటో గరుకుగానైనా వస్తుంది. బాణసంచా మాత్రం గీతలు పోయి చుక్కలుగా మిగులుతుంది. ట్రైపాడ్‌కు ప్రత్యామ్నాయం దొరకని చోటు ఇదే.

ట్రైపాడ్ అక్కరకు రాని చోట్లూ ఉన్నాయి. పడవలో కూర్చుని చీకటి గుహల్లోంచి సాగే ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ వంటి రైడ్లలో అది దండగ. కెమెరాను పడవకు బిగించినా పడవే కదులుతుంటే ఎదుటి దృశ్యం అలుక్కుపోక తప్పదు. అక్కడ పనికొచ్చేది ఎఫ్/1.8 వంటి పెద్ద అపెర్చర్ ఉన్న లెన్స్.

అడుగు నేల లెక్క

మనిషి ఎత్తున కెమెరాను నిలపాలంటే ఒక్కో కాలు సుమారు 1.4 మీటర్ల పొడవుండాలి. సాధారణ కోణంలో విప్పితే పాదానికీ పాదానికీ మధ్య దాదాపు ఒక మీటరు దూరం వస్తుంది. ఆ మూడు పాదాలనూ కలుపుతూ వృత్తం గీస్తే దాదాపు చదరపు మీటరు నేల. జనం దట్టంగా నిలబడ్డప్పుడు అంత చోటులో నలుగురు పడతారు. వెనక నిలబడే ఫొటోగ్రాఫర్‌ను కూడా కలుపుకుంటే ఒక ఫొటో కోసం ఐదుగురి చోటు పోతుంది.

చోటు పోవడం కంటే కాళ్ళకు తగలడం పెద్ద చిక్కు. ట్రైపాడ్ పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. కంటికి ఎదురుగా కనిపించేది కెమెరా ఒక్కటే, కాలికి తగిలే భాగం అంతకు రెండడుగుల ఇవతలే ఉంటుంది. కాళ్ళు ఎక్కువగా నల్లరంగువి. పైగా ఆ సమయంలో అందరి కళ్ళూ ఆకాశం మీదే ఉంటాయి. ప్రదర్శన ముగిసిన మరుక్షణం ఆ జనమంతా ఒక్కసారిగా గేటు వైపు మళ్ళుతారు. నిద్రపోతున్న పిల్లల స్ట్రోలర్లను తోసుకుంటూ వచ్చేవారికి ఎదురుగా ఏముందో కనిపించదు. చక్రం ఒక్క కాలికి తగిలితే చాలు, మెడ దగ్గర బరువున్న స్టాండు కెమెరాతో సహా పక్కవారి మీద పడుతుంది. ఏదైనా ప్రమాదం జరిగి జనాన్ని ఖాళీ చేయించాల్సి వస్తే దారిలో ఉన్న ప్రతి స్టాండూ అడ్డే.

రైడ్ల మీద అపాయం మరో రకం. రోలర్ కోస్టర్‌ను రూపొందించేటప్పుడు కూర్చున్న మనిషి చేతులు చాచితే ఎంత దూరం అందుతాయో లెక్కగట్టి, అంతమేరా ఏ స్తంభమూ అడ్డు రాకుండా చూస్తారు. చేతికి కర్ర తోడైతే ఆ లెక్క తప్పుతుంది. కాలిఫోర్నియాలోని డిస్నీ పార్కులో ‘కాలిఫోర్నియా స్క్రీమిన్’ అనే కోస్టర్ గంటకు 88 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది, అంటే సెకనుకు 24 మీటర్లకు పైగా. 2015 జూన్‌లో ఒక ప్రయాణికుడు దాని మీద సెల్ఫీ స్టిక్ బయటికి తీయడంతో రైడ్‌ను మధ్యలోనే ఆపి అందరినీ దింపాల్సి వచ్చింది. ఆ వారంలోనే డిస్నీ సంస్థ తన పార్కుల్లో సెల్ఫీ స్టిక్‌లను నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలోని పార్కుల్లో ఆ నిషేధం 2015 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చింది.

మూడో కారణం వ్యాపారం. థీమ్ పార్కు ప్రైవేటు స్థలం. అందులోని కోటలు, బొమ్మలు, పాత్రలు కాపీరైట్, ట్రేడ్‌మార్క్ హక్కులున్న సొత్తు. ఇంటి ఆల్బమ్‌కు ఫొటో తీసుకుంటే ఎవరూ కాదనరు. ప్రకటనకో అమ్మకానికో తీయాలంటే ముందుగా అనుమతి కావాలి. పెద్ద ట్రైపాడ్, దాని మీద పెద్ద కెమెరా కనిపిస్తే సిబ్బంది వచ్చి ఎందుకు తీస్తున్నారని అడగడానికి కారణం ఇదే.

నిబంధనల్లోని కొలతలు

వాల్ట్ డిస్నీ వరల్డ్ ట్రైపాడ్‌ను పూర్తిగా కాదనలేదు. మామూలు వీపు సంచిలో పట్టనివీ, విప్పితే ఆరడుగులు, అంటే 182 సెంటీమీటర్లు దాటేవీ మాత్రమే నిషిద్ధం. ఒంటికాలి స్టాండు మోనోపాడ్‌కూ ఇదే కొలత. సెల్ఫీ స్టిక్‌ను మాత్రం ఏ పొడవుదైనా రానివ్వరు. సంచులకూ హద్దుంది: 61 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 46 ఎత్తు మించకూడదు.

ట్రైపాడ్‌కు పెట్టిన రెండు షరతుల్లో ఒకటి వెనకవారి కోసం, రెండోది పక్కవారి కోసం. ఆరడుగుల హద్దు ఉండబట్టే ఏ కెమెరా అయినా మనిషి తలకంటే మరీ పైకి పోదు. సంచిలో పట్టాలన్న షరతు వల్ల బరువైన స్టూడియో స్టాండ్లు గేటు దగ్గరే ఆగిపోతాయి, లోపలికి వెళ్ళింది కూడా పని లేనప్పుడు సంచిలోకి చేరిపోతుంది. మామూలు ట్రైపాడ్ ముడిచినా 60 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. ప్రయాణాల కోసం చేసినవాటిలో కాళ్ళను వెనక్కి తిప్పి మధ్య కడ్డీ చుట్టూ మడిచేస్తారు. అవి 40 సెంటీమీటర్లకు కుదించుకుపోతాయి, బరువు కిలో, కిలోన్నర. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి, వాళ్ళతో కలిసి ఓర్లాండో చూసొచ్చే తెలుగు కుటుంబాలకు పనికొచ్చేది ఈ రకమే.

అన్నిచోట్లా ఇంత వెసులుబాటు ఉండదు. 1983లో తెరిచిన టోక్యో డిస్నీలాండ్‌లో ట్రైపాడ్, మోనోపాడ్, సెల్ఫీ స్టిక్ మూడింటికీ అనుమతి లేదు. ఒకే పేరున్న సంస్థ పార్కుల్లోనే నియమం ఇలా మారుతుంది కాబట్టి, ఒకచోట చెల్లిన ట్రైపాడ్ మరోచోట చెల్లుతుందని అనుకోవడానికి లేదు. బయల్దేరే ముందు ఆ పార్కు సొంత వెబ్‌సైట్‌లో నిషిద్ధ వస్తువుల పట్టిక చూసుకోవాలి.

థీమ్ పార్కులు కాకపోయినా మన దగ్గర గోల్కొండ, చార్మినార్ వంటి రక్షిత కట్టడాల్లోనూ మామూలు ఫొటోకూ ట్రైపాడ్ వేసి తీసే ఫొటోకూ మధ్య తేడా పాటిస్తారు. 2018లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ చాలా కట్టడాల్లో సందర్శకుల ఫొటోలకు తలుపులు తెరిచింది. ట్రైపాడ్ వేయాలంటే మాత్రం అనుమతి తీసుకోవాల్సిందే. 1996లో మొదలైన హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో ఈ తేడా ఇంకా స్పష్టం. అది సందర్శకులు తిరిగే చోటూ, నిజంగా షూటింగులు జరిగే స్టూడియో కూడా. అక్కడ స్టాండు వేసి చిత్రీకరించడం అంటే సంస్థ అద్దెకిచ్చే సేవ.

నేల అడగని ఆసరాలు

ట్రైపాడ్ చేసే పనిలో చాలా భాగాన్ని పార్కులో ఉన్న కంచెలు, గోడలు, దీపస్తంభాలు చేసిపెడతాయి. జానెడు పొడవుండే టేబుల్ ట్రైపాడ్‌ను పిట్టగోడ మీద నిలపవచ్చు. గొరిల్లాపాడ్ వంటి వంగే కాళ్ళ స్టాండును కమ్మీకి చుట్టి బిగించవచ్చు. చెత్తడబ్బా మూత మీద కెమెరా పెట్టి తీసేవారూ ఉన్నారు, మూత చదునుగా, నడుము ఎత్తున, కదలకుండా ఉంటుంది మరి.

అన్నిటికంటే చవకైనది గింజల సంచి. చిన్న గుడ్డసంచిలో కిలో బియ్యమో కందిపప్పో పోసి, కాస్త వెలితిగా ఉంచి మూతి కట్టేస్తే చాలు. కెమెరాను దాని మీద ఒత్తితే గింజలు సర్దుకుని లెన్స్‌కు గూడు కడతాయి. గుండ్రటి కమ్మీ మీదా, వాలు గోడ మీదా జారదు. ఖాళీ సంచిని మడిచి పెట్టెలో పెట్టుకెళ్ళి, దిగిన ఊళ్ళో గింజలు కొని నింపుకోవచ్చు.

తాడుతోనూ పని జరుగుతుంది. దాదాపు ప్రతి కెమెరా అడుగున పావు అంగుళం మర ఉంటుంది. ఆ కొలత మరమేకుకు తాడు కట్టి, రెండో కొసను కాలికింద తొక్కిపెట్టి, కెమెరాను పైకి లాగి పట్టుకుంటే బిగువు వల్ల పైకీ కిందికీ ఊగడం తగ్గుతుంది. నాలుగు సెకన్లకు ఇది చాలదు. సెకనులో పదో వంతు, ఎనిమిదో వంతు ఫొటోలకు సరిపోతుంది.

ఫోన్లు ఈ పనిని మరో దారిలో చేస్తున్నాయి. గూగుల్ 2018లో నైట్ సైట్‌ను, ఆపిల్ 2019లో నైట్ మోడ్‌ను తెచ్చాయి. ఒక్క పెద్ద ఎక్స్‌పోజర్‌కు బదులు ఫోన్ వరసగా చిన్న చిన్న ఫొటోలు తీసి, చేతి కదలికకు తగ్గట్టు జరిపి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్కటి చేస్తుంది. ఫోన్‌ను గోడకు ఆనించి కదలకుండా ఉంచితే అది ఆ సంగతి గుర్తించి ఇంకా ఎక్కువ సమయం ఇస్తుంది. వెలుగుతున్న కోటకు ఈ పద్ధతి చక్కగా పనికొస్తుంది. ఒక పొరకూ మరో పొరకూ మధ్య కదిలిపోయే రవ్వలను పేర్చడం దానికి కష్టం కాబట్టి బాణసంచాకు అంతగా నప్పదు.

తీసుకెళ్ళాక

అనుమతి ఉన్నచోట కూడా సిబ్బంది తీసేయమంటే తీసేయాల్సిందే. జనం నడిచే దారులను వారు నేల మీద టేపు అంటించి వేరు చేస్తారు. స్టాండు ఆ గీత లోపల ఉండకూడదు. వెన్నుకు గోడో, దీపస్తంభమో, పూలకుండీయో ఉండేలా నిలబడితే వెనకనుంచి ఎవరూ తగలరు, ఎవరి చూపుకూ అడ్డం ఉండదు. ముందు వరసలో ఉన్నవారు కెమెరాను ఛాతీ ఎత్తుకు దించి, తెరను పైకి తిప్పుకుని చూస్తూ తీయవచ్చు.

కాళ్ళు విప్పేటప్పుడు లావు భాగాలను ముందు లాగాలి. అన్నిటికంటే సన్నని చివరి భాగం అవసరమైతేనే. ఒక కాలిని ఫొటో తీసే దిశకు, మిగతా రెండింటిని తన రెండు పాదాలకు పక్కగా ఉంచుకుంటే, కాళ్ళకు తగలబోయే వారికి ముందు మనిషి కనిపిస్తాడు. సంచిని మధ్య కడ్డీకి వేలాడదీస్తే స్టాండు బరువెక్కి గాలికి ఊగదు. కెమెరాలోని వణుకు తగ్గించే సదుపాయాన్ని ఆపేయాలి. అసలు వణుకే లేనిచోట కొన్ని లెన్స్‌లలో అదే కదలిక పుట్టిస్తుంది. బటన్ నొక్కే వేలు కూడా కెమెరాను కదిలిస్తుంది కాబట్టి రిమోట్ గానీ, రెండు సెకన్ల టైమర్ గానీ వాడాలి. చివరి జువ్వ ఆరిపోగానే మొదట చేయాల్సింది కాళ్ళు ముడవడం, తీసిన ఫొటోలు చూసుకోవడం ఆ తరవాత.

ఓపిక ఉన్నవారికి ఇంకో వేళ ఉంది. పార్కు మూసే సమయం దాటాక రైడ్లు ఆగిపోతాయి, జనం గేటు వైపు సాగిపోతారు. కోట ముందటి వీధిలో దుకాణాలు ఇంకాసేపు తెరిచే ఉంటాయి. నేల కడిగిన తడి మీద దీపాల నీడలు పడుతుంటాయి. పది సెకన్ల ఎక్స్‌పోజర్‌లో అటుగా నడిచిపోయే ఒకరిద్దరు ఫొటోలో కనిపించకుండానే మాయమవుతారు. గంట క్రితం నలుగురి చోటు అనిపించిన ఆ చదరపు మీటరును అప్పుడు ఎవరూ అడగరు.