దుఃఖమునకు పిదప శ్రీరాములు

నెల్లూరు సీమ సముద్రతీరమున నున్న జువ్వలదిన్నెకు నేడు చేపలరేవు వలన పేరు వచ్చుచున్నది గాని, ఆ యూరితో ముడివడిన కుటుంబమున పుట్టిన పొట్టి శ్రీరాములును మనము ఆత్మాహుతి చేసిన వీరునిగా మాత్రమే ఎరుగుదుము. ఆయన అట్టివాడు ఎట్లయ్యెనో తలచువారు తక్కువ.

1901లో మద్రాసున జన్మించి, బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో స్థిరమైన కొలువున నుండగా, ముప్పది యేండ్లు నిండకమునుపే భార్యను, పసిబిడ్డను పోగొట్టుకొనిన ఆ గృహస్థు, ఉద్యోగమును విడిచి సబర్మతి చేరి, 1930 ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగెను. దీనిని వైరాగ్యమని చెప్పి యూరకొనుట చాలదు. ఆ దుఃఖమే ఆయనను లోకము నడుమకు త్రోసినదని నా నమ్మకము.

1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున దళితులకు ప్రవేశము కోరి నిరాహారదీక్ష పూని, దానిని సాధించెను. అటుపిమ్మట అస్పృశ్యతను ఖండించు వ్రాతల అట్టలను మెడలో వ్రేలాడదీసికొని, చెప్పులు లేక, గొడుగు లేక, మండుటెండలో నెల్లూరు వీథుల తిరుగుచుండగా పిచ్చివాడనిన వారును కలరు. పదవి లేదు, పరివారము లేదు. ఇతరులను చేయుమనవలసిన దానిని తన దేహముపైననే మోపుకొను నాయకత్వమది. అందు భయంకరమైన కాఠిన్యమును గలదు. దానిని దాచి ఆయనను పొగడుట నాకు సమ్మతము గాదు.

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి యింట ఆంధ్రరాష్ట్రమునకై దీక్ష మొదలిడి, 58 దినములు గడిపి, డిసెంబరు 15న అసువులు బాసెను. నాలుగు దినములకు నెహ్రూ రాష్ట్రస్థాపనను ప్రకటించెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించినది. మద్రాసు మాత్రము అందు చేరలేదు.