లక్షమంది కట్టిన ఒక్క రంగు

1887వ సంవత్సరమున, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమధ్యమున, కొండల నడుమ నున్న యొక చిన్న కళాశాలలో, తమకు గుర్తుగా నే రంగు లుండవలెనని విద్యార్థులు తర్జనభర్జనలు పడి, తుదకు ముదురు గులాబియు నలుపును నిర్ణయించుకొని, ఆ చారలతో కోట్లును టోపీలును కుట్టించుకొని దర్పముగా తిరుగ నారంభించిరి. కొన్ని వారములు గడచునప్పటికి గులాబి యెండకు వెలిసి తెల్లబడెను. రంగు నిలుచునా పోవునా యని ముందుగా విచారింపక బట్ట కొన్నవారి కెల్లకాలమునందును జరుగునదే వారికిని జరిగినది. 1890లో ఆ రంగులను విడిచి నీలమును తెలుపును చేపట్టిరి. ఆ కళాశాలయే నేడు పెన్ స్టేట్ అని పేరుగాంచిన మహావిశ్వవిద్యాలయము. నాడెండ పుట్టించిన ఆ తెలుపునే నేడు ఏటికొక పోటీనాడు లక్షకు పైబడిన జనము ఒక్కచోట గూడి మేన దాల్చుచున్నారు.

ఫుట్‌బాలనగానే మనకు కాలితో తన్నెడు గుండ్రని బంతి తలంపునకు వచ్చును. అమెరికావారి ఫుట్‌బాలు వేఱు. బంతి కోలగా నుండును. దానిని చేతబట్టియే పరుగిడుదురు, విసరుదురు. పక్షమునకు పదునొకండుగురు చొప్పున, తలలకు శిరస్త్రాణములును భుజములకు కవచములును తగిలించుకొని, గజము గజముగా నేలను గెలుచుకొనుచు ముందునకు సాగుదురు. వృత్తిజట్లు వేఱుగా నున్నను, కళాశాలల జట్లయెడ అచటి జనమున కుండు మమకారము మఱియొక తీరుది. వేసవి చివర మొదలై శరత్తుతో ముగియు నీ పోటీలలో జట్టు పండ్రెండాడిన, సొంత మైదానమున జరుగునవి ఆరో యేడో మాత్రమే. అందుచేత అట్టి పోటీదినము ప్రతిదియు నొక తిరునాళ్ళయగును. ముప్పదియేండ్ల క్రిందట పట్టము పుచ్చుకొని పోయినవారు సైతము భార్యాబిడ్డలతో దూరాభారములు కార్లలో వచ్చి, స్టేడియము వెలుపల కార్లు నిలుపుచోటనే పొయ్యిలు వెలిగించి, మాంసము కాల్చుకొని తిని, పిమ్మట లోని కేగుదురు.

ఇట్టి తిరునాళ్ళలో ‘నేడందఱును ఈ రంగే కట్టవలెను’ అను కట్టడి యెట్లు ప్రవేశించెనో చూడదగినది. 2004లో పెన్ స్టేట్ జట్టు దుర్దశలో నుండెను. ఆ యేడు ఆడిన పదునొకండు పోటీలలో గెలిచినవి నాలుగే. జట్టు ప్రచారవ్యవహారములు చూచుచుండిన గీడో డిఎలియా అను నాతడు, పర్డ్యూ జట్టుతో జరుగు పోటీకి విద్యార్థులెల్లరు తెల్లబట్టలతో రావలెనని పిలుపునిచ్చెను. విద్యార్థులు వచ్చిరి, జట్టు మాత్రమోడెను. మరుసటి యేడు ఒహాయో స్టేట్‌పై 17–10 తేడాతో గెలిచిన రాత్రియు విద్యార్థులు తెలుపే కట్టిరి. 2007లో నోటర్ డేమ్ జట్టు వచ్చినపుడు పిలుపు విద్యార్థులతో నాగక స్టేడియమంతటికిని ప్రాకెను. దీనిని వారు ‘వైట్ ఔట్’ అందురు. పెన్ స్టేట్ వారి బీవర్ స్టేడియములో లక్షాయాఱువేల పైచిలుకు పీఠములు గలవు. 2018లో ఒహాయో స్టేట్ మరల వచ్చిన రాత్రి 1,10,889 మంది లోపల గూడిరి.

నీలమును కాదని తెలుపే యేల? నీలబట్ట రాత్రివేళ దీపముల వెలుతురులో చీకటితో కలిసిపోవును; తెలుపు ఆ కొద్దిపాటి వెలుతురునే పదింతలుగ తిరిగి విసరును. అదియుగాక తెల్లచొక్కా లేని యిల్లుండదు. క్రొత్తగా కొననవసరము లేదు. ఇందొక వింత గలదు. సొంత మైదానమున నాడు జట్టు ముదురురంగు దాల్చుటయు, వచ్చిన జట్టు తెల్లచొక్కాలతో దిగుటయు నీ యాటలో చిరకాలపు వాడుక. కావున తెల్లరాత్రి పెన్ స్టేట్ ఆటగాండ్రు ముదురునీలములో నుండ, వారి విజయమును గోరి గొంతులు చించుకొను లక్షమందియు శత్రువులు తొడిగిన రంగునే తొడిగి కూర్చుందురు! ఈ సంగతి వారికి తెలియకపోదు; పట్టించుకొనరు.

ద్వారముకడ బట్టలు తనిఖీ చేయువా రెవరును లేరు. ఎఱ్ఱచొక్కాతో వచ్చినను టిక్కెట్టున్నచో లోనికి పంపుదురు. అయినను జనము మాట వినుటకు కారణము వేఱు. చుట్టును వేయిమంది తెలుపు గట్టియుండ, తానొక్కడు మట్టిరంగు కోటుతో నిలుచున్నవాడు, ఎవరు నేమియు ననకున్నను, పెండ్లిపందిటిలో పిలువని చుట్టమువలె ముడుచుకొనిపోవును. మన ఉప్పల్ స్టేడియములో సన్‌రైజర్స్ క్రికెట్ జట్టు ఆడునపుడు నారింజరంగు చొక్కాలును, చెన్నైలో పసుపుచొక్కాలును కుప్పలుగ కనబడును. కాని అవి జట్టు ధరించు రంగులు, అభిమాని తన యిష్టముకొలది వేసికొనునవి. అమెరికావారిది ముందుగా దినము నిర్ణయించి చాటింపు వేసిన ముహూర్తపు వేషము. మఱియొక విశేషమేమనగా, ఇంతమంది కలిసి చిత్రించిన యీ చిత్రమును చిత్రములో నున్నవాడు పూర్తిగా చూడలేడు. తన చొక్కా తనకు కనబడదు, తన వరుస కనబడదు. కనబడునది మైదానమున కావలిగట్టు మాత్రమే. ఆవలివారికి తానొక తెల్లని చుక్క, తనకు వారట్టివారే.

ఈ మాట టెనెసీ రాష్ట్రపు నాక్స్‌విల్‌లో నింకను స్పష్టపడును. అచటి విశ్వవిద్యాలయమువారు నారింజరంగును 1889 ప్రాంతముననే, తమ గుట్టపై పూయు పూలను చూచి, యెంచుకొనిరని చెప్పుదురు. వారి మైదానపు రెండు చివరలను నారింజ, తెలుపు గళ్ళు చదరంగపు బల్లవలె నుండును. 2014లో ఫ్లోరిడా జట్టు వచ్చినపుడు, ఆ గళ్ళను నేలమీదనుండి జనముమీదికి ఎక్కింపవలెనని అభిమానులకే తోచెను. నీలండ్ స్టేడియములో లక్షకు పైగా జనము పట్టుదురు. ఒక భాగమువారు నారింజ, ప్రక్కభాగమువారు తెలుపు, మరల నారింజ, ఈ విధముగా టిక్కెట్టుపై నున్న భాగసంఖ్యను చూచుకొని బట్ట కట్టవలెను. ఇచట తన చుట్టునున్న వారందఱిది ఒకే రంగు గనుక గడిలోనివానికి తానొక గడిలో నున్నట్లే తెలియదు. గళ్ళు నిర్దుష్టముగా కుదిరినవి. జట్టు 10–9 తేడాతో ఓడెను.

బట్టరంగు ఆటను గెలిపింపదని రూఢిగా చెప్పుటకు జార్జియా విశ్వవిద్యాలయపు నల్లబట్టల కథ చాలును. 2007లో ఆబర్న్ జట్టుతో పోటీనాడు ప్రేక్షకులు నల్లబట్టలతో రాగా, ఎఱ్ఱచొక్కాలతో సాధనచేసి లోని కేగిన ఆటగాండ్రు హఠాత్తుగా నల్లచొక్కాలతో వెలుపలికి వచ్చిరి, స్టేడియము హోరెత్తెను, 45–20తో గెలిచిరి. నలుపు కలిసివచ్చినదని మరుసటి యేడు అలబామాపై మరల ప్రయోగించిరి. అలబామావారి వ్యాయామశిక్షకుడు, వారు నలుపు కట్టుట తమ శవయాత్రకేనని తన కుఱ్ఱవాండ్రతో పరిహసించెనట. విరామసమయమునకు అలబామా 31, జార్జియా సున్న. తుదకు 41–30తో జార్జియా ఓడెను. శుభకార్యమునకు నల్లబట్ట కట్టరాదని పోరు మన ముత్తవ్వలకు ఫుట్‌బాలు తెలియకున్నను ఈ ఫలితము వినినచో ‘చెప్పితిమి గదా’ అనియుందురు.

ఈ యాచారమునందు నన్ను కదిలించిన దొక్కటియే. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమున ప్రేక్షకుని ‘పన్నెండవ మనిషి’ యందురు. 1922 జనవరిలో డాలస్‌లో జరిగిన పోటీలో, దెబ్బలు తగిలి ఆటగాండ్రు తగ్గిపోగా, ప్రేక్షకులలో నున్న కింగ్ గిల్ అను విద్యార్థి శిక్షకుని పిలుపుపై దిగివచ్చి, ఆటదుస్తులు తొడిగి, ఆట ముగియువరకు మైదానపుటంచున సిద్ధముగా నిలిచెను. అతని కాడు నవసరము రాలేదు, నిలిచియుండుటయే కథయైనది. నాటినుండి నేటివరకు అచటి విద్యార్థులు పోటీ జరుగుచున్నంతసేపును కూర్చుండరు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంటగోపురములు కూలినవి. ఆ వారపు పోటీలు నిలిచిపోయినవి. ఏ అండ్ ఎం వారి తరువాతి పోటీ సెప్టెంబరు 22న, తమ కాలేజ్ స్టేషన్ పట్టణమున, ఓక్లహోమా స్టేట్‌తో. ఐదుగురు విద్యార్థులు, ఆనాడు స్టేడియమును జాతీయపతాకముగా మార్చవలెనని సంకల్పించిరి. విశ్వవిద్యాలయపు రంగు మెరూను. ఆనాటికి దానిని ప్రక్కకు నెట్టిరి. కైల్ ఫీల్డ్ స్టేడియమున మూడంతస్తులు; పై అంతస్తువారు ఎఱుపు, నడిమివారు తెలుపు, క్రిందివారు నీలము. చొక్కా వెల 5 డాలర్లు. వ్యవధి రెండువారములైనను లేదు. అయినను డెబ్బదివేల చొక్కాలు అమ్ముడుపోయినవి. ఆనాడు స్టేడియములో నున్నవారు 82,601 మంది.

ఒక్కసారి తలంచుకొనుడు: మూడవ అంతస్తున నెక్కడో నిలిచిన యొక ముసలి రైతు, తన జన్మమున నాటివరకు మెరూను తప్ప మఱియొక రంగు తొడిగి ఆటకు రానివాడు, ఎఱ్ఱచొక్కా తొడిగి ఎదుటిగట్టును చూచుచుండును. అచట ఎఱుపు క్రింద తెలుపు, తెలుపు క్రింద నీలము. కుట్టుపని లేదు, కఱ్ఱ లేదు, గాలికి రెపరెపలాడుట లేదు. ఊపిరి తీయుచున్న మనుష్యులే జెండా. చొక్కాలపై మిగిలిన సొమ్ము 1,80,000 డాలర్లను న్యూయార్కు బాధితుల సహాయనిధులకు పంపిరి. పోటీ 21–7తో ఏ అండ్ ఎం గెలిచెను గాని, ఆ దినమును తలంచువారు ఆ యంకెలను చెప్పరు, చొక్కాల మాటయే చెప్పుదురు.

మన పల్లెలనుండియు పట్టణములనుండియు ప్రతియేట ఆగస్టులో ఆ విశ్వవిద్యాలయములకు పైచదువులకై పోవు పిల్లలు అనేకులు. పెట్టెలో ఆవకాయ సీసాయు, ప్రెషర్ కుక్కరును సర్దు తల్లులకొక మనవి. పిల్లవాడు పోవునది పెన్ స్టేట్ అయినచో ఒక తెల్లచొక్కాయు నుంచుడు. అది అతని కొలతకన్న రెండు కొలతలు పెద్దదిగా నుండవలెను. ఏలయన శరదృతువు ముదిరినపిమ్మట ఆ కొండలలో రాత్రి చలి యెముకలు కొఱుకును, తెలుపు కోటులోపల నున్నచో నెవరికిని కనబడదు, కోటుమీదనే తొడుగవలెను.