చలిదేశపు బలం వేరు

బలానికి మంచిదని అమ్మే 'ఆస్ట్రాగలస్' మాత్రల పేరు మీరు వినే ఉంటారు. అది చిక్కుడు కుటుంబపు మొక్క వేరు. ఉత్తర చైనా, మంగోలియాల్లో అడవిమొక్కగా పెరుగుతుంది. చలికాలంలో పైభాగం ఎండినా, వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. చైనాలో దీన్ని 'హ్వాంగ్ చీ' అంటారు, సూపుల్లోనూ వేస్తారు.

అక్కడ పెంచేది విత్తనంతోనే. గట్టి పెంకును గరుకు కాగితంతో కొద్దిగా రుద్ది, నానబెట్టి నాటాలి. నీరు నిలవని లోతైన ఇసుకనేల కావాలి. మంచి వేరు కోసం 4, 5 ఏళ్ళు ఆగాలి.

ఇక జాగ్రత్త! ఇదే జాతిలో పశువులకు పిచ్చెత్తించే విషపు మొక్కలూ ఉన్నాయి. కనుక తెలియని వేరు వాడకండి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు దీని జోలికి పోరాదు. వారు వాడే మందుల పనిని ఇది చెడగొట్టవచ్చు. ఇతరులైనా ముందు డాక్టరును అడగండి.