టర్బోకి పగ్గం వేసిన కథ

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డు. బల్ల మీద పాత బనీను గుడ్డ పరిచి, విప్పిన టర్బో పెట్టారు. నత్తగుల్లల్లాంటి రెండు గదులు, మధ్యలో ఒకే ఇరుసు, ఆ ఇరుసుకు చెరో కొసన అరచేతిలో ఇమిడే రెక్కల చక్రం. వేలితో తడితే చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. మేస్త్రీ మాత్రం పక్కనున్న చిన్న రేకు డబ్బా చూపించి, దానికి గాలి గొట్టం తగిలించి కొంచెం గాలి వదిలారు. డబ్బాలోంచి ఒక కడ్డీ వేలెడు ముందుకు జరిగింది. దాని కొసన బిళ్లంత తలుపు తెరుచుకుంది. గాలి ఆపగానే టప్‌మని మూసుకుంది.

"ఇది పట్టేసిందంటే ఇంజన్ పోయినట్టే సార్" అన్నారాయన.

టర్బో కథలో నన్ను కట్టిపడేసేది ఆ కడ్డీయే. చక్రాన్ని తిప్పడం మనిషికి త్వరగానే వచ్చింది. ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో పుట్టిన ఆల్ఫ్రెడ్ బుషీ అనే ఇంజనీరుకు ఒక బాధ ఉండేది. ఇంజన్‌లో కాల్చిన ఇంధనపు శక్తిలో సుమారు మూడో వంతు పొగతో పాటే బయటికి పోతోంది. ఆ వేడి పొగనే ఒక చక్రం మీదికి వదిలి, అదే ఇరుసు మీదున్న మరో చక్రంతో ఇంజన్‌లోకి గాలిని కూరితే? గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ కాల్చవచ్చు. అదే ఇంజన్ ఎక్కువ బలం ఇస్తుంది. 1905లో ఆయన పేటెంట్ తీసుకున్నారు. అది పనికొచ్చే యంత్రంగా నిలబడటానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ తర్వాత రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లో డీజిల్ ఇంజన్ల సామర్థ్యం 1,750 హార్స్‌పవర్ నుంచి 2,500కు పెరిగింది.

ఈలోగా విమానాలవాళ్లకు వేరే ఇబ్బంది వచ్చింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ నీరసపడేది. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజన్‌ను కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదికి, 14 వేల అడుగుల పైకి ఎక్కించారు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ అక్కడ 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే పోయిన బలమంతా తిరిగి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్ల దాకా ఈ దారే నడిచింది. ఆ విమానాల్లో అదనపు పొగను పక్కదారిన వదిలేసే తలుపు ఉండేది. దాని పేరే వేస్ట్‌గేట్. తర్వాతి రకాల్లో నాలుగు ఇంజన్ల తలుపుల్నీ పైలట్ ఒక్క నాబ్‌తో సర్దుకునేవాడు.

కారు వ్యవహారం వేరు. ఓడా విమానమూ గంటల తరబడి ఒకే వేగంతో పోతాయి. కారు నిమిషానికి పదిసార్లు ఆగుతుంది, ఉరుకుతుంది. పైగా పెట్రోలుతో ఒక చిక్కుంది. డీజిల్ ఇంజన్ నొక్కేది వట్టి గాలినే. పెట్రోలు ఇంజన్ గాలినీ ఇంధనాన్నీ కలిపి నొక్కుతుంది. ఒత్తిడి, వేడి మితిమీరితే, ప్లగ్గు రాజేసిన మంట ఇంకా చేరకముందే మూలనున్న మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు టకటక వినిపిస్తుంది. అదే నాకింగ్. ఆ దెబ్బలకు పిస్టన్ అంచులు విరుగుతాయి, నడినెత్తిన చిల్లు పడుతుంది.

1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ ఈ చిక్కుకు ఒక విరుగుడు తెచ్చింది. నీళ్లూ మిథనాలూ సగం సగం కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మి చల్లబరిచేవారు. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పేరు పెట్టారు. పద్ధతి పనిచేసింది. కానీ సీసా ఖాళీ అయితే నింపాల్సింది యజమాని. చాలామంది నింపలేదు. సీసా ఎండితే బండి తనంతట తానే బలం తగ్గించుకునేది, కొన్నవాళ్లు విసుక్కునేవారు. చివరికి ఎన్నో కార్ల నుంచి టర్బోను పీకేసి మామూలు కార్బురేటర్ బిగించి పంపారు. కారు బాగోగులు కొన్నవాడి జ్ఞాపకశక్తి మీద ఆధారపడటమే ఆ బండికి చేటయింది.

అసలు మలుపు స్వీడన్‌లో వచ్చింది. సాబ్ కంపెనీ ఇంజనీరు పెర్ గిల్‌బ్రాండ్, ఆయన బృందం పెద్ద టర్బో జోలికి పోలేదు. తక్కువ వేగంలోనే ఊపందుకునే చిన్న టర్బో తీసుకున్నారు. మితి దాటే పొగను వేస్ట్‌గేట్‌లోంచి వదిలేశారు. 1977లో చూపించిన సాబ్ 99 టర్బో రెండు లీటర్ల ఇంజన్‌తోనే 145 హార్స్‌పవర్ ఇచ్చింది. నాకింగ్ భయానికి కంప్రెషన్ నిష్పత్తిని (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్కను) మాత్రం 7.2కు దించారు. అక్కడితో ఆగలేదు. 1980ల మొదట్లో ఇంజన్ దిమ్మకు ఒక చిన్న చెవిలాంటి సెన్సర్ బిగించారు. టకటక వినపడగానే అది కబురు పెడుతుంది, ఒక విద్యుత్ కవాటం వేస్ట్‌గేట్‌ను తెరుస్తుంది. ఏ బంకులో ఎలాంటి పెట్రోలు పోయించినా ఇంజన్ తాను తట్టుకోగలిగినంతే తీసుకుంటుంది. ఏపీసీ అనే ఈ ఏర్పాటును నేను టర్బో పుట్టుకతో సమానమైన ఆవిష్కరణగా చూస్తాను.

పాత కారుకు ఇంట్లో టర్బో బిగించుకునేవాళ్లు ఈ చరిత్రనంతా తమ షెడ్డులోనే మళ్లీ నడవాలి. స్వీడన్‌లోనూ అమెరికాలోనూ ఇందుకు ఎక్కువమంది ఎంచుకునే బండ్లలో వోల్వో 240 ఒకటి. అదే కంపెనీ టర్బో మోడళ్ల మానిఫోల్డ్ (టర్బో కూర్చునే పొగ గొట్టం) టర్బో లేని ఇంజన్‌కూ చక్కగా కూర్చుంటుంది. కాబట్టి బిగింపు సులువు. తర్వాతే అసలు పని. ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, తేలేది పలచటి నూనె పొర మీదే. నూనె లోపలికి ఒత్తిడితో వస్తుంది గానీ, బయటికి తన బరువుతో తానే జారిపోవాలి. తిరుగు గొట్టం ఎక్కడ మెలిక పడి పైకి లేచినా నూనె ఎగదన్ని సీళ్లలోంచి కారుతుంది. సైలెన్సర్ నీలం పొగ కక్కుతుంది. టర్బో పోయిందనుకుని కొత్తది కొనేవాళ్లున్నారు. తప్పు గొట్టం వంపులో ఉంటుంది.

టర్బో 0.7 బార్ దాకా నొక్కితే, బయట 30 డిగ్రీలున్న గాలి లోపలికి వెళ్లేసరికి సుమారు నూరు డిగ్రీలు అవుతుంది. అందుకే ముందు ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టాలి. బూస్ట్ (టర్బో కూరే అదనపు ఒత్తిడి) ఉన్నప్పుడు ఇంధనం మామూలు కన్నా చిక్కగా పడాలి, ప్లగ్గు మంట కొంచెం ఆలస్యంగా రావాలి. చివరి 240లలో కంప్రెషన్ 9.8 దాకా ఉంటుంది. ఆ ఇంజన్ మీద అత్యాశ పనికిరాదు. 7 పీఎస్ఐ స్ప్రింగు ఉన్న యాక్చుయేటర్ (మేస్త్రీ చూపించిన రేకు డబ్బా లాంటిది) పెట్టుకుని తృప్తి పడాలి.

బూస్ట్ కంట్రోలర్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, దాంతో బూస్ట్‌ను ఎంతకంటే అంతకు తగ్గించుకోవచ్చని. నిజానికి యాక్చుయేటర్ డబ్బాలో ఉన్నవి ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు. కంప్రెసర్ (గాలి కూరే చక్రం) నుంచి వచ్చే గాలి పొరను నెడుతుంది, స్ప్రింగు ఓడితే తలుపు తెరుచుకుంటుంది. కంట్రోలర్ చేసేదల్లా ఆ గాలిలో కొంత దారిలోనే తప్పించి, ఒత్తిడి ఇంకా తక్కువే ఉందని పొరకు అబద్ధం చెప్పడం. అబద్ధంతో బూస్ట్ పెరుగుతుంది. స్ప్రింగు బలం కన్నా కిందికి దింపడం దాని వల్ల కాదు. అందుకే మెత్తటి స్ప్రింగుతో మొదలుపెట్టి, అవసరమైతే పైకి పోవాలి.

ఇక మొదటిసారి స్టార్ట్ చేసే రోజు. ప్లగ్గులు, ఇంధనం ఆపేసి, టర్బోకి నూనె చేరిందని తేలేదాకా ఇంజన్‌ను స్టార్టర్‌తో తిప్పాలి. తర్వాత ఖాళీ రోడ్డు, మూడో గేరు, యాక్సిలరేటర్ నిండా. గేజీ ముల్లు లేస్తుంది. మూడు, ఐదు, ఏడు. అక్కడ నిలబడాలి. అలా నిలబడకుండా పైకే పోతుంటే వెంటనే కాలు తీసేయాలి. బండి పక్కకు ఆపి ముందు చూడాల్సింది, కంప్రెసర్ నుంచి డబ్బాకు వెళ్లే చిటికెన వేలంత లావు లేని ఆ రబ్బరు గొట్టాన్నే. వేడికి పగిలిందా, కొసన క్లిప్పు జారిందా అని.